పది పన్నెండేళ్ళ అబ్బాయికి పుస్తకం ఎంచేముందు, వాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూడండి

మావాడికి పదేళ్ళు నిండిన కొత్తలో ఒకటి గమనించాను. కొత్త పుస్తకం చేతిలో పెడితే వాడు మొదటి పేజీ చదవడు. ముందు ఆ చాప్టర్ ఎక్కడ అయిపోతుందో వెతుక్కుని, అక్కడ చూపుడువేలు దూర్చి, మధ్యలో ఎన్ని కాగితాలున్నాయో బొటనవేలితో నొక్కి చూస్తాడు. మందంగా తగిలితే అప్పుడే మొహం వాడిపోతుంది. చదవడం మొదలుపెట్టాక కూడా రెండు పేజీలకోసారి ఆ వేలి దగ్గరికి వెళ్ళి వస్తుంటాడు, "అమ్మా, ఇంకా ఇంతుంది చూడు" అని నాకు చూపిస్తాడు. అంత స్పష్టంగా కనిపిస్తున్నా నాకు చాలా రోజులు అర్థం కాలేదు. కథ నచ్చట్లేదనుకుని డైనోసార్ల నుంచి అంతరిక్షానికి, అంతరిక్షం నుంచి డిటెక్టివ్‌లకి సబ్జెక్టులు మారుస్తూ పోయాను. ఒకసారి అనుకోకుండా మూడేసి పేజీల చాప్టర్లున్న పుస్తకం దొరికింది. ఆ రాత్రి పదకొండు చాప్టర్లు చదివాడు. అన్నీ కలిపితే ముప్ఫై పైచిలుకు పేజీలే, అయినా "పదకొండు" అని వాడు వచ్చి చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పటినుంచి ఎవరైనా "మావాడికి మంచి పుస్తకం చెప్పండి" అని అడిగితే, వాడికి ఏమిష్టం అని కాకుండా, వాడు పుస్తకాన్ని ఎక్కడ వదిలేస్తున్నాడు అని అడుగుతున్నాను. మొదటి రెండు పేజీల్లోనే వదిలేసేవాడికీ, సగంలో వదిలేసేవాడికీ, అసలు ముట్టుకోనివాడికీ ఒకే పుస్తకం పనిచేయదు. సబ్జెక్టు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. కింద నేను పోల్చి చెప్పేవన్నీ ఈ లెక్కలోనే చెబుతున్నాను.

ముందుగా వయసు గురించి ఒక మాట. ఇంగ్లీషు ప్రచురణకర్తలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళ కోసం వేసే నవలల్ని మిడిల్ గ్రేడ్ అంటారు. ఎనిమిదేళ్ళవాడికీ పన్నెండేళ్ళవాడికీ మధ్య ఎంత దూరం ఉంటుందో పిల్లల్ని పెంచినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కాబట్టి అట్ట మీద వేసిన వయసుని పెద్దగా నమ్ముకోకండి. దానికంటే పనికొచ్చే గుర్తు హీరో వయసు. పిల్లలు తమకంటే ఒకటి రెండేళ్ళు పెద్దవాడి గురించి చదవడానికి ఇష్టపడతారు, చిన్నవాడి గురించైతే "ఇది చిన్నపిల్లల పుస్తకం" అని పక్కన పెట్టేస్తారు. పదకొండేళ్ళవాడికి పన్నెండు పదమూడేళ్ళ హీరో ఉంటే సరిగ్గా కుదురుతుంది. ఇక భాష కష్టమా తేలికా అన్నది చూడాలంటే పాత ఐదువేళ్ళ పద్ధతే చాలు. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవమనండి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ అయ్యేసరికి రెండు మూడు వేళ్ళయితే పర్వాలేదు, ఐదూ ముడుచుకుపోతే ఆ పుస్తకం ఇంకో ఏడాది ఆగాలి, లేదా మీరు పక్కన కూర్చుని చదివి వినిపించాలి.

చాప్టర్ పొడవు అనే చిన్న విషయం

దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నా దృష్టిలో ఇదే మొదట చూడాల్సింది. పీటర్ బ్రౌన్ రాసిన 'ద వైల్డ్ రోబాట్' (2016) తీసుకోండి. మూడొందల లోపు పేజీల్లో ఎనభై చాప్టర్లు, మధ్యమధ్యలో బొమ్మలు. మనుషుల్లేని దీవిలో కళ్ళు తెరిచిన ఒక రోబో, అక్కడి జంతువుల్ని చూసి బతకడం నేర్చుకుంటుంది. లూయీ సాకర్ 'హోల్స్' (1998) కూడా అంతే, దాదాపు రెండొందల ముప్ఫై పేజీలకి యాభై చాప్టర్లు. ఇప్పుడు 'హ్యారీ పాటర్' మొదటి భాగం చూస్తే బ్రిటిష్ ప్రతిలో 223 పేజీలకి పదిహేడు చాప్టర్లే, అంటే ఒక్కోటీ పదమూడు పేజీలు. ఐదో భాగానికొచ్చేసరికి 766 పేజీలు, ముప్ఫై ఎనిమిది చాప్టర్లు, ఒక్కోటీ ఇరవై పేజీలు. వేలు పెట్టి కొలిచే పిల్లవాడికి ఈ తేడా చాలా పెద్దది. చిన్న చాప్టర్ అయిపోయిన ప్రతిసారీ వాడికి ఒక పని పూర్తి చేసిన తృప్తి దొరుకుతుంది, "ఇంకొకటి చదివి పడుకుంటా" అనే మాట వాడి నోటినుంచే వస్తుంది. పదమూడు పేజీల చాప్టర్ ముందు పెడితే ఆ మాట రాదు. పుస్తకం బాగోలేక కాదు, నిద్రవేళకి అది చాలా దూరంగా కనిపిస్తుంది.

కాబట్టి సగంలో వదిలేసే అలవాటున్నవాడికి మొదట 'వైల్డ్ రోబాట్', ఆ తర్వాత 'హోల్స్', దాని తర్వాతే పెద్ద సీరీస్‌లు. ఈ వరస మా ఇంట్లోనూ, మా అక్క కొడుకు దగ్గరా పనిచేసింది.

బొమ్మల పుస్తకాలే చదువుతున్నాడని టెన్షన్ పడేవాళ్ళకి

చదువుతున్నాడు కదా. ముందు అది ఒప్పుకోండి. కామిక్స్ లాక్కుని నవల చేతిలో పెడితే చాలాసార్లు రెండూ పోతాయి. నేను ఆ తప్పు చేసి రెండు నెలలు పోగొట్టుకున్నాను, మావాడు ఆ రెండు నెలలూ ఏమీ చదవలేదు. అయితే బొమ్మల పుస్తకాలన్నీ ఒకటే అనుకోవడం కూడా పొరపాటే.

జెఫ్ కిన్నీ 'డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్' (2007) నోటుబుక్కులో చేతిరాతతో రాసినట్టుంటుంది, నాలుగు వాక్యాలకో కార్టూన్. దీన్ని గంటన్నరలో ఊదేస్తారు. చదవనంటే చదవనని మొండికేసినవాణ్ణి మొదటిసారి పుస్తకం చివరిదాకా తీసుకెళ్ళే శక్తి దీనికున్నంత ఇంకోదానికి లేదు. తల్లిదండ్రులకి నచ్చనిదల్లా ఆ గ్రెగ్ అనే పిల్లవాడు, వాడు స్వార్థపరుడు, స్నేహితుణ్ణి వాడుకుంటాడు, అబద్ధాలాడతాడు. నిజమే. కానీ చదివే పిల్లలకి ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది, వాడు ఇరుక్కుపోతుంటే నవ్వేది అందుకే. దీని లోటు వేరే ఉంది: పది పుస్తకాలు చదివినా పదకొండోది మొదటిదానికంటే కష్టంగా ఉండదు, చదివే సత్తువ పెరగదు.

అక్కడే జెఫ్ స్మిత్ 'బోన్' వేరుగా నిలబడుతుంది. 1991 నుంచి 2004 వరకు వచ్చిన ఈ కామిక్ తొమ్మిది భాగాలుగా దొరుకుతుంది, అన్నీ ఒకే సంపుటంగా కడితే పదమూడొందల పేజీలు దాటుతుంది. తెల్లగా గుండ్రంగా ఉండే ముగ్గురు అన్నదమ్ముల బిడ్డలు ఊళ్ళోంచి గెంటేయబడి లోయలో తప్పిపోవడంతో నవ్వుతూ మొదలై, పోనుపోనూ డ్రాగన్లూ యుద్ధాలూ రాజవంశపు రహస్యాలతో మహాకావ్యంలా ముదురుతుంది. అంత పెద్ద కథని, అంతమంది పాత్రల్ని గుర్తుపెట్టుకుని చివరిదాకా వెళ్ళిన పిల్లవాడు నవలకి సిద్ధంగా ఉన్నట్టే. రెంటిలో ఏదని అడిగితే, చదువే వద్దనేవాడికి 'వింపీ కిడ్', కామిక్స్ బాగా చదువుతూ అక్కడే ఆగినవాడికి 'బోన్'. 'టిన్‌టిన్' కామిక్ ఆల్బమ్‌లు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి, ఒక్కోటి అరవై రెండు పేజీల్లో పూర్తి కథ, పైగా బుడగల్లో మాటలు ఎక్కువే. ఆఫ్రికా కథలాంటి తొలి ఆల్బమ్‌లలో ఇతర జాతులవాళ్ళని చూపించిన తీరు బాగుండదు, వాటిని పక్కనపెట్టి తర్వాత వచ్చినవాటితో మొదలుపెట్టండి. మాంగా అనే జపాన్ కామిక్స్ జోలికి వెళితే ఒకటే గుర్తుపెట్టుకోండి, 'నరుటో' ఒక్కటే డెబ్బై రెండు సంపుటాలు. కొనడం మొదలుపెట్టేముందు లైబ్రరీలో దొరుకుతుందేమో చూడడం మేలు.

హ్యాచెట్, హోల్స్: ఒకే వయసువాడికి రెండు వేరే దారులు

ఈ రెంటి మధ్య చాలామంది తేల్చుకోలేరు, రెంటికీ పేరుంది, రెంటిలోనూ ఒంటరిగా చిక్కుకున్న అబ్బాయే హీరో. అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ 1999లో 'హోల్స్'కి వచ్చింది, 'హ్యాచెట్' 1988లో ఆ మెడల్ తర్వాతి స్థాయి గుర్తింపైన న్యూబెరీ ఆనర్ పొందిన పుస్తకం. కానీ చదివే అనుభవంలో పోలికే లేదు.

గ్యారీ పాల్సన్ రాసిన 'హ్యాచెట్' (1987)లో పదమూడేళ్ళ బ్రయన్ చిన్న విమానంలో నాన్న దగ్గరికి బయల్దేరతాడు. మొదటి చాప్టర్లోనే పైలట్‌కి గుండెపోటు. విమానం కెనడా అడవిలో ఒక సరస్సులో పడుతుంది, వాడి దగ్గర అమ్మ ఇచ్చిన చిన్న గొడ్డలి తప్ప ఏమీ ఉండదు, యాభై నాలుగు రోజులు దాంతోనే బతకాలి. కథంతా ఒక్క పిల్లవాడి తలలోనే జరుగుతుంది. ఇందులో నిప్పు పుట్టించే ఘట్టం ఒకటుంది, దాని కోసమైనా ఈ పుస్తకం చదివించాలంటాను. రాత్రి గుహలోకి ముళ్ళపంది దూరితే చీకట్లో గొడ్డలి విసురుతాడు, అది రాతికి తగిలి నిప్పురవ్వలు రాలతాయి. ఆ క్షణంలో వాడికి అదేమిటో తట్టదు. తెల్లారాక తడుతుంది. ఇక మొదలు: ఎండుగడ్డి పెడతాడు, అంటుకోదు. పుల్లలు, అంటుకోవు. జేబులో ఉన్న ఇరవై డాలర్ల నోటు చింపి పెడతాడు, అదీ అంటుకోదు. చివరికి బర్చ్ చెట్టు బెరడుని వెంట్రుకల్లా చీల్చి గూడులా పేర్చి, రవ్వ పడగానే మెల్లగా ఊదుతాడు. ఆ నాలుగైదు పేజీలూ చదువుతున్నప్పుడు మావాడు పుస్తకం మీదికి వంగి తనూ ఊదడం నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. 

ఇందులో కష్టం కూడా చెప్పాలి. మాటలు చాలా తక్కువ, సంభాషణలు దాదాపు లేవు, ఒకే వాక్యాన్ని కొద్దిగా మార్చి మార్చి చెబుతాడు రచయిత. నవ్వు కావాలనుకునేవాడు విసుక్కుంటాడు. అమ్మానాన్నల విడాకుల ప్రస్తావన కథంతా ఉంటుంది, చివర్లో నీళ్ళలో మునిగిన విమానం లోపల పైలట్ శవం కనిపించే చోటు భయపెడుతుంది. సున్నితమైన పదేళ్ళవాడైతే ఆ భాగం మీరు ముందే చదివి పెట్టుకోండి.

'హోల్స్' దీనికి పూర్తిగా ఎదురు. స్టాన్లీ అనేవాణ్ణి చేయని దొంగతనానికి శిక్షగా ఎండిపోయిన సరస్సు ఒడ్డున ఉన్న శిబిరానికి పంపిస్తారు, అక్కడ రోజుకో గొయ్యి తవ్వాలి, ఐదడుగుల లోతు, ఐదడుగుల వెడల్పు. ఎందుకో ఎవరూ చెప్పరు. దీని పక్కనే ముత్తాత తండ్రి కాలంనాటి ఒక శాపం కథ, ఒక బందిపోటు కథ నడుస్తుంటాయి, చివరికి మూడూ తాళంచెవి తాళంలో తిరిగినట్టు కలిసిపోతాయి. తర్కం ఇష్టపడేవాడు, పజిల్స్ విప్పేవాడు, "అరె, అందుకేనా అక్కడ అలా అన్నాడు" అని వెనక్కి తిప్పి చూసుకునేవాడు ఉంటే కళ్ళు మూసుకుని ఇదే ఇవ్వండి. చేత్తో ఏదో ఒకటి చేస్తూ ఉండేవాడు, బయట తిరిగేవాడు, ఎక్కువ మాట్లాడనివాడు అయితే 'హ్యాచెట్'. ఒక్కటే కొనగలనంటే నేను 'హోల్స్' అంటాను. ఎక్కువమందికి పడుతుంది, చాప్టర్లు చిన్నవి, రెండోసారి చదివినా కొత్తగా ఉంటుంది.

సీరీస్ కావాలా, ఒక్క పుస్తకం కావాలా

సీరీస్‌తో ఒక పెద్ద లాభం ఉంది. పుస్తకం మొదలుపెట్టే బరువు ఒక్కసారే మొయ్యాలి. ఆ ప్రపంచం, ఆ పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నది మొదటి పుస్తకంలో ఒకసారి తలకెక్కితే తర్వాత నాలుగైదు పుస్తకాలు జారుడుబల్ల మీదినుంచి జారినట్టే. నెమ్మదిగా చదివేవాడికి ఇది మరీ ముఖ్యం.

రిక్ రయొర్డన్ 'పెర్సీ జాక్సన్' (మొదటిది 2005, ఆ మొదటి వరసలో ఐదు పుస్తకాలు) ఎంచుకోవాలా, 'హ్యారీ పాటర్' (1997 నుంచి 2007 వరకు ఏడు) ఎంచుకోవాలా అన్నది ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న. పెర్సీ కథ పన్నెండేళ్ళవాడు మనతో నేరుగా మాట్లాడుతున్నట్టు నడుస్తుంది, మొదటి చాప్టర్లోనే లెక్కల టీచర్ రాక్షసిగా మారి మీద పడుతుంది, ఊపిరి తీసుకోనివ్వదు. హ్యారీ నెమ్మదిగా మొదలవుతుంది, బడి రైలెక్కేసరికే ఐదారు చాప్టర్లు గడుస్తాయి, కానీ ఒకసారి బడి ఉండే ఆ కోటలోకి అడుగుపెట్టాక పిల్లలు అక్కడే కాపురం పెట్టేస్తారు. మొదటి పేజీల్లో వదిలేసేవాడికి పెర్సీ, ఓపికున్నవాడికి హ్యారీ. ఇంకో తేడా కూడా చూసుకోండి. పెర్సీలో ఐదూ దాదాపు ఒకే బరువుతో ఉంటాయి, పదేళ్ళవాడు వరసపెట్టి చదివేయొచ్చు. హ్యారీ మాత్రం నాలుగో భాగం నుంచి లావూ పెరుగుతుంది, చీకటీ పెరుగుతుంది. మొదటి మూడూ పదేళ్ళకి చదివించి, మిగతావి ఏడాదికొకటి చొప్పున హ్యారీతో పాటే పెరుగుతూ చదవనిస్తే చాలా బాగుంటుంది, ఆపగలిగితే.

పెర్సీ గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. రయొర్డన్ ఈ కథని మొదట నిద్రపోయేముందు తన కొడుక్కి చెప్పాడు, ఆ అబ్బాయికి డిస్‌లెక్సియా (అక్షరాలు పట్టుబడని ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని ఇబ్బంది) ఉన్నాయి. అందుకే పెర్సీకి కూడా అవి రెండూ ఉంటాయి, కథలో అవి వాడి లోపాలుగా కాక వాడు దేవతల సంతానమనడానికి గుర్తులుగా వస్తాయి. అక్షరాలు తారుమారుగా కనిపించడానికి కారణం వాడి మెదడు ప్రాచీన గ్రీకు కోసం తయారై ఉండటమట. బడిలో రోజూ వెనకబడుతున్న పిల్లవాడు ఈ మాట చదివినప్పుడు ఏమనుకుంటాడో ఆలోచించండి.

కథలే వద్దనేవాడు

కొంతమంది అబ్బాయిలు "ఇది నిజంగా జరిగిందా?" అని అడుగుతారు, లేదంటే పుస్తకం మూసేస్తారు. వీళ్ళని నవలల వైపు లాగడం దండగ. డేవిడ్ మెకాలే 'ద వే థింగ్స్ వర్క్' (1988) జిప్పు నుంచి పెద్ద యంత్రాల దాకా అన్నీ ఎలా పనిచేస్తాయో మామత్ ఏనుగుల బొమ్మలతో విడమర్చి చూపిస్తుంది. మొదటి నుంచి చివరికి చదవాల్సిన పనిలేదు, ఎక్కడ తెరిస్తే అక్కడే. పన్నెండు దగ్గరపడి, ప్రశ్నలతో ప్రాణం తీసేవాడైతే రాండల్ మన్రో 'వాట్ ఇఫ్' (2014). భూమి ఒక్కసారిగా తిరగడం ఆగిపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నతో మొదలవుతుంది, పుల్లల మనుషుల బొమ్మలతో, అసలైన ఫిజిక్సుతో. కొన్ని జవాబులు కాస్త కష్టం, అక్కడ వాడికి మీ అవసరం పడుతుంది, అదీ మంచిదే.

ఈ రెంటికంటే నాకు దగ్గరైనది మాత్రం విలియం కమ్‌క్వాంబా తన జీవితం గురించి చెప్పిన 'ద బాయ్ హూ హార్నెస్డ్ ద విండ్'. మలావీలో 2001, 2002 మధ్య వచ్చిన కరువులో ఫీజు కట్టలేక బడి మానేసిన పిల్లవాడు, ఊళ్ళోని చిన్న లైబ్రరీలో దొరికిన పుస్తకంలో గాలిమర బొమ్మ చూసి, పాత సైకిల్ భాగాలు, ట్రాక్టర్ ఫ్యాను, చెట్టు దుంగలు పోగేసి గాలిమర కట్టి ఇంట్లో బల్బు వెలిగిస్తాడు. నిజంగా జరిగిన కథే, అయినా నవలంత పట్టుంటుంది, అందుకే 'కథలు వద్దు' అనే పిల్లవాడికీ నవలకీ మధ్య ఇది చక్కటి వంతెన. పెద్దల కోసం రాసినది వేరు, పిల్లల ప్రతి వేరు, కొనేటప్పుడు చూసి తీసుకోండి. కరువు భాగం పిల్లల ప్రతిలో కూడా బరువుగానే ఉంటుంది.

ఏడిపించే పుస్తకాలు అబ్బాయిలకి ఇవ్వకూడదా?

తప్పకుండా ఇవ్వాలి. అబ్బాయిలంటే సాహసం, రాక్షసులు, క్రికెట్ బ్యాటు అనుకుని మనమే వాళ్ళ అరని సగం ఖాళీగా ఉంచేస్తాం. ఆర్.జె. పలాసియో 'వండర్' (2012)లో ముఖం పుట్టుకతోనే వేరుగా ఉన్న పదేళ్ళ ఆగీ మొదటిసారి బడికి వెళతాడు. ఎనిమిది భాగాల్లో ఆరుగురు కథ చెబుతారు, ఒకచోట మనకి చెడ్డగా కనిపించినవాళ్ళ వైపు నుంచి ఇంకోచోట అదే సంగతి వినిపిస్తుంది. చాప్టర్లు ఒకటి రెండు పేజీలే, కాబట్టి వేలితో కొలిచేవాడికి కూడా సరిపోతుంది. క్వామీ అలెగ్జాండర్ 'ద క్రాసోవర్' (2014) బాస్కెట్‌బాల్ ఆడే కవల అన్నదమ్ముల కథ, మొత్తం కవితల్లో ఉంటుంది. కవిత అనగానే భయపడకండి, పేజీలో సగం ఖాళీయే, ఆట నడిచే చోట అక్షరాలు బంతిలా కిందికి జారుతుంటాయి. ఆటల పిచ్చి ఉండి పుస్తకమంటే దూరం పారిపోయేవాడికి ఇది బాగా పడుతుంది. చివర్లో ఇంట్లో జరిగేది గుండె పిండేస్తుంది, ఆమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకుని ఉంటే ఇప్పుడు వద్దు.

చదవడమే కష్టమైనవాడికీ, మరీ ఎక్కువ చదివేవాడికీ

బద్ధకం వేరు, నిజంగా అక్షరం పట్టుబడకపోవడం వేరు. పదకొండేళ్ళొచ్చినా లైను తప్పిపోతూ, ఒకే మాటని పేజీలో మూడుసార్లు మూడు రకాలుగా చదువుతూ, చదివాక తలనొప్పంటూ ఉంటే పుస్తకం మార్చడం మానేసి ముందు కళ్ళు చూపించండి, తర్వాత డిస్‌లెక్సియా గురించి తెలిసినవాళ్ళకి చూపించండి. ఈలోగా ఆడియోబుక్ పెట్టి, అదే పుస్తకం చేతిలో పెట్టి వేలితో వెంబడించమనండి. వినడం చదవడం కిందికి రాదనే మాట నేను ఒప్పుకోను, కథ తలలోకి వెళ్ళాక ఏ దారిన వెళ్ళిందన్నది తర్వాతి సంగతి.

రెండోవైపు, కనిపించినదల్లా నమిలేసే పిల్లవాడు ఉంటాడు. వీడికి పుస్తకం ఎంచడం తేలికనుకుంటాం గానీ ఇక్కడే జారిపోతాం. చదవగలడు కదా అని పదేళ్ళకే 'హంగర్ గేమ్స్' (2008) ఇచ్చేస్తారు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య పిల్లలు ఇరవై నాలుగుమందిని ఒకచోట వదిలి ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటారు అందులో. వాక్యాలు పదేళ్ళవాడికి అర్థమవుతాయి, బరువు మాత్రం పదమూడు దాటాకే మోయాలి. ఇలాంటివాడికి ముందుకి తోసే బదులు వెనక్కి, పక్కలకి వెళ్ళనివ్వండి: జూల్ వెర్న్, స్టీవెన్సన్ రాసిన పాత సాహస నవలలు. 'ట్రెజర్ ఐలాండ్' 1881లో స్టీవెన్సన్ తన సవతి కొడుకుతో కూర్చుని గీసిన ఒక దీవి పటంలోంచి పుట్టింది, అప్పుడు ఆ అబ్బాయికి పదమూడేళ్ళు. భాష పాతది, ఓడ మాటలు ఎక్కువ, కానీ బాగా చదివేవాడు అదే సరదాగా తీసుకుంటాడు.

తెలుగులోనా, ఇంగ్లీషులోనా

ఇంగ్లీషులో గడగడా చదివి తెలుగు దగ్గర తడబడే పిల్లలు చాలామంది. వాళ్ళకి తెలుగు నవల ఇచ్చి పరీక్ష పెట్టకండి, చదివి వినిపించండి. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది, బాపు బొమ్మలతో, చిన్నపిల్లవాడి నోటిమాట ఉన్నదున్నట్టు. నేను హీరో వయసు ఎక్కువుండాలన్నాను, బుడుగు చాలా చిన్నవాడు, అయినా పన్నెండేళ్ళవాడు పడీపడీ నవ్వుతాడు. ఎందుకంటే బుడుగుకి అర్థంకాని పెద్దవాళ్ళ సంగతులు వీడికి అప్పుడప్పుడే అర్థమవుతూ ఉంటాయి. తెలుగు బాగా చదవగలిగేవాడైతే నండూరి రామమోహనరావు తెలుగులోకి తెచ్చిన 'టామ్ సాయర్', 'రాజు-పేద', 'కాంచన ద్వీపం' వెతికిపెట్టండి. ఈ 'కాంచన ద్వీపం' ఇందాక చెప్పిన 'ట్రెజర్ ఐలాండే', ఇంగ్లీషులో కొరుకుడుపడనివాడికి ఇది తేలిక దారి. ఇంట్లో పాత 'చందమామ' సంచికలుంటే మరీ మంచిది, ఒక్కో కథ రెండు మూడు పేజీలే.

ఇంటికి తెచ్చాక

ఒకటి తేవద్దు, మూడు తెండి, లైబ్రరీ నుంచే అయినా సరే. మూడూ మూడు రకాలుగా ఉండాలి, ఒకటి బొమ్మలది, ఒకటి నిజమైన సంగతులది, ఒకటి నవల. "ఇది చదువు" అనకుండా వాడు కూర్చునే చోట పెట్టి వదిలేయండి. నవలైతే మొదటి చాప్టర్ మీరే పైకి చదవండి, 'హ్యాచెట్' అయితే విమానంలో పైలట్ తన చెయ్యి తనే పట్టుకుని వాలిపోయేచోట ఆపి "నాకు పనుంది నాన్నా" అని లేచివెళ్ళండి. ఇది మోసమేం కాదు, కథ తన పని తాను చేసుకోవడానికి చోటివ్వడం.

ముప్ఫై పేజీలు చదివి నచ్చలేదంటే మానేయనివ్వండి. డానియల్ పెనాక్ అనే ఫ్రెంచి రచయిత 1992లో పాఠకుడికి పది హక్కులు రాసిచ్చాడు, పుస్తకం పూర్తిచేయకుండా వదిలేసే హక్కు అందులో ఒకటి, చదివినదే మళ్ళీ చదివే హక్కు ఇంకొకటి. మావాడు 'హోల్స్' నాలుగోసారి చదువుతుంటే కొత్తది తీసుకోవచ్చు కదా అని నోటిదాకా వచ్చిన మాట నేను దీన్ని తలుచుకునే మింగేశాను. ఇక పుస్తకం అయిపోగానే "ఏం నేర్చుకున్నావు" అని మాత్రం అడగకండి. "ఎవరు బాగా నచ్చారు", "నువ్వైతే ఆ గొడ్డలి విసిరేవాడివా" అని అడగండి, చెప్పాలనుంటే అరగంట చెబుతాడు.

ఎక్కువమంది జారిపోయేది సీరీస్ ఆఖరి పుస్తకం అయిపోయిన వారంలో. వాడికి అప్పుడు ఏదో పోయినట్టుంటుంది, మనం సంబరపడి ఊరుకుంటాం, పదిహేను రోజులు గడిచేసరికి చేతిలోకి ఫోనొస్తుంది. ఆఖరిదానికి ముందు పుస్తకంలో ఉండగానే తర్వాతది తెచ్చిపెట్టండి. 'వింపీ కిడ్' అవుతుంటే 'వండర్', బడి వాతావరణం అదే, లోతు ఎక్కువ. 'పెర్సీ' అవుతుంటే 'హ్యారీ పాటర్', ఈపాటికి ఓపిక వచ్చి ఉంటుంది. 'బోన్' తర్వాత 'హోల్స్'. 'హ్యాచెట్' తర్వాత మాత్రం వేరే పుస్తకం వెతక్కండి, పాల్సనే 1996లో 'బ్రయన్స్ వింటర్' రాశాడు. మొదటి పుస్తకం ముగింపు అలా జరగకపోయుంటే, బ్రయన్ అదే అడవిలో చలికాలం కూడా గడపాల్సి వచ్చుంటే ఏమయ్యేది అన్నదే కథ. మంచు పడకముందే ఆ పుస్తకం వాడి చేతిలో ఉండాలి.